కుక్క కాలి నరం దెబ్బతింటే: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మా ఇంటి దేశవాళీ కుక్కకు ముందు కాలి నరం దెబ్బతిన్న సంగతి తెలిసినప్పటి నుంచి హన్మకొండ, కాజీపేట, నర్సంపేట వైపు కుక్కలు పెంచేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నంబర్ తీసుకుని ఫోన్ చేస్తూనే ఉన్నారు. అడిగేవి దాదాపు అవే, టెన్షన్ కూడా అదే, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను పశువైద్యుణ్ణి కాదు. మందు, డోసు డాక్టర్ చెప్పాల్సిందే. నేను రాసేది ఎక్కువగా ఇంట్లో మన చేతిలో ఉండే పని గురించి. ఏ ప్రశ్న మీదైతే దానికే పోయి చదువుకోండి.

## మొదటి రోజులు

బండి గుద్దింది, ఒక్క కాలు వేలాడుతోంది. ముందు ఏం చేయాలి?

కాలు సంగతి తర్వాత. ముందు ఊపిరి, రక్తం చూడండి. బండి గుద్దిన కుక్కకు ఛాతీలో, పొట్టలో దెబ్బ ఉండి పైకి ఏమీ కనిపించకపోవచ్చు, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా ఎగశ్వాస వస్తున్నా ఆ క్షణమే దవాఖానకు బయల్దేరాలి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది కాబట్టి మెత్తని చున్నీతో మూతి కట్టండి, వాంతి చేసుకుంటున్నా ఊపిరి సరిగా ఆడకపోతున్నా మాత్రం కట్టొద్దు. చంకల కింద చేతులు పెట్టి లేపకుండా దుప్పటి మీదికో గట్టి అట్ట మీదికో జరిపి, ఇద్దరు పట్టుకుని ఆటోలో వేసుకెళ్లండి. బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకుపోతే, వెన్నుకు దెబ్బ ఉన్న కుక్కకు ఆ దారిలోనే ముదురుతుంది.

బొక్క విరిగిందా, నరం దెబ్బా ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కచ్చితంగా చెప్పలేం, రెండూ కలిసి కూడా ఉంటాయి. అయినా చూపులో తేడా ఉంటుంది. బొక్క విరిగిన కుక్క కాలు పైకి ముడుచుకుని నేలకు తగలనివ్వదు, చేయి పెడితే అరుస్తుంది, వాపు ఉంటుంది. నరం పోయిన కాలు పట్టు లేకుండా వేలాడుతుంది, పంజా వెనక్కి మడతపడి పైభాగం నేలకు రాసుకుంటుంది, కుక్క ఆ సంగతే తెలియనట్టు నడుస్తుంది. విరిగిందన్న అనుమానం ఏమాత్రం లేనప్పుడు ఒకటి చూడొచ్చు: కుక్కను నిలబెట్టి, బరువు మీరు ఆపుకుని, పంజాను మెల్లగా మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. మామూలు కుక్క వెంటనే తిప్పి సరిగా పెట్టుకుంటుంది. అలాగే వదిలేసిందంటే నరాల వైపు చూడాల్సిందే.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మరి ఎందుకు నడవట్లేదు?

ఎక్స్‌రేలో బొక్కలు కనిపిస్తాయి, నరాలు కనిపించవు. "ఏమీ లేదు" అంటే విరగలేదని మాత్రమే అర్థం. ముందు కాలికి పోయే నరాలన్నీ మెడ చివర, వీపు మొదట్లో వెన్నుపాము నుంచి బయల్దేరి చంకలో ఒకచోట కలుస్తాయి. టైరు తగిలి కాలు పక్కకు గుంజినట్టయినా, కోతుల వెంట ఉరికి డాబా మీది నుంచి పడినా (మన దగ్గర ఈ కేసులు తక్కువేం కాదు), ఆ నరాలు సాగిపోతాయి, ఒక్కోసారి వెన్నుపాము దగ్గర మొదలంటా ఊడిపోతాయి. పైన చర్మం మీద గీత కూడా ఉండదు. అందుకే ఇంటివాళ్లకు నమ్మబుద్ధి కాదు.

డాక్టర్ వేలు గట్టిగా నొక్కితే కాలు లాక్కుంది. అంటే బాగవుతుందనే కదా?

తొందరపడొద్దు. కాలు లాక్కోవడం వేరు, నొప్పి తెలియడం వేరు. కాలు వెనక్కి తీసుకోవడం మెదడు దాకా పోకుండానే వెన్నుపాము దగ్గరే జరిగిపోయే పని. డాక్టర్ పట్టకారుతో వేలి బొక్కను నొక్కుతున్నప్పుడు మీరు కాలిని చూడకండి, కుక్క మొహం చూడండి. తల గిర్రున తిప్పి ఆ చేతి వైపు చూసిందా, మూలిగిందా, కరవబోయిందా, కనీసం కళ్లు పెద్దవి చేసిందా? వీటిలో ఒకటి ఉన్నా లోతు నొప్పి మెదడుకు చేరుతున్నట్టు, అది చాలా మంచి సంకేతం. ఏమీ లేకపోతే ఆశ తక్కువని డాక్టర్ చెబుతారు, అయినా ఒక్కరోజు చూసి తీర్పు ఇవ్వరు, కొన్ని వారాల్లో మళ్లీ మళ్లీ చూస్తారు. ప్రతి వేలినీ విడివిడిగా చూడమని అడగండి, ఒక వేలికి ఒక నరం, ఇంకో వేలికి ఇంకో నరం స్పర్శనిస్తాయి. ఇంట్లో మాత్రం రోజూ గిల్లి చూస్తూ కుక్కను ఏడిపించొద్దు.

అటువైపు కంటిపాప చిన్నదైంది, కన్ను లోపలికి పోయినట్టుంది. కాలికీ కంటికీ ఏం సంబంధం?

ఉంది. కంటిపాపను పెద్దది చేసే నరం దారి, ముందు కాలి నరాలు బయల్దేరే చోటు నుంచే పోతుంది. పాప చిన్నదవడం, పై రెప్ప వాలడం, కంటి మూల నుంచి లోపలి పొర పైకి రావడం దెబ్బ తగిలిన వైపే కనిపిస్తే, నరం వెన్నుపాము దగ్గరే ఊడిందన్న అనుమానం బలపడుతుంది. కంటికి పెద్ద ప్రమాదం లేదు గానీ కాలి విషయంలో ఇది మంచి వార్త కాదు. డాక్టర్ గమనించకపోతే మీరే చెప్పండి.

మోచేయి నిలబడుతోంది, పంజా మాత్రం మడతపడుతోంది. ఇది తక్కువ దెబ్బేనా?

సాధారణంగా అవును. మోచేతిని నిలబెట్టే కండకు నరం పైనే చీలిపోతుంది. ఆ కండ పనిచేస్తోందంటే దెబ్బ దాని కంటే కింద ఉన్నట్టు, అలాంటి కుక్కలు చిన్న కట్టుతోనో బూటుతోనో నడవడం నేర్చుకుంటాయి. మోచేయే కుప్పకూలుతుంటే దెబ్బ పైన ఉందని. వెనక కాలిలో కూడా ఇలాంటిదే: మోకాలు నిలబడి పంజా మాత్రం మడతపడితే తొడ వెనక పెద్ద నరం, మోకాలే కూలుతుంటే తొడ ముందు వైపు నరం.

ఇంజెక్షన్ వేయించిన తర్వాతే వెనక కాలు ఈడుస్తోంది. దానివల్లేనా?

కావొచ్చు. తొడ వెనక భాగంలో పెద్ద నరం పోతుంది, సూది దాని మీద గానీ మందు దాని పక్కన గానీ పడితే అదే రోజో ఒకటి రెండు రోజుల్లోనో పంజా మడతపడటం మొదలవుతుంది. కండ తక్కువుండే చిన్న కుక్కపిల్లల్లో, బక్క కుక్కల్లో ప్రమాదం ఎక్కువ. చాలా కుక్కలు వారాల్లో, నెలల్లో కోలుకుంటాయి. సూది వేసినవాళ్లతో గొడవ తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఏ మందు ఏ వైపు వేశారో రాయించుకోండి. ఇకపై తొడకు వేయాల్సి వస్తే ముందు వైపు కండకు వేయమని అడగండి, చాలా టీకాలు అయితే మెడ వెనక చర్మం కిందే వేస్తారు.

రెండు వెనక కాళ్లూ పడిపోయాయి. ఇదీ కాలి నరమేనా?

ఎక్కువ శాతం కాదు. రెండు కాళ్లూ ఒకేసారి పోతే వెన్ను వైపు చూడాలి: దెబ్బ, డిస్క్ జారడం (డాక్స్‌హుండ్, పగ్ లాంటి వాటిలో ఎక్కువ), లేదా డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే ఒక వైరస్ జబ్బు). ముందు కంట్లో ముక్కులో చీము కారి, జ్వరం వచ్చి తగ్గి, తర్వాత కాళ్లు పడిపోయి ఏదో ఒక కండ ఆగకుండా టకటక అదురుతుంటే డిస్టెంపర్ అనుమానించాలి. పొలం దగ్గర రాత్రికి రాత్రి కాళ్లు, తర్వాత ఒళ్లంతా పడిపోతుంటే పాము కాటు కూడా కావొచ్చు, కట్లపాము కాటు గుర్తు కంటికి ఆనదు. వీటిలో ఏదైనా ఇంట్లో మర్దన చేస్తూ కూర్చునే జబ్బు కాదు. ఇంకొకటి, మూత్రం పోస్తోందో లేదో చూడండి. పన్నెండు గంటలు పోయకపోతే అది ఎమర్జెన్సీ.

వీధి కుక్క కాలు ఈడుస్తోంది. పట్టుకుని సాయం చేయొచ్చా?

చేయొచ్చు, కానీ రేబిస్ సంగతి మనసులో పెట్టుకుని చేయండి. రేబిస్ అంటే పిచ్చిగా ఉరికి కరవడమే అనుకుంటారు, కాళ్లు పడిపోయి మూలకు నక్కే రకం కూడా ఉంది. దవడ వేలాడుతున్నా, చొంగ కారుతున్నా, నీళ్లు మింగలేకపోతున్నా, అరుపు మారినా, గొంతులో బొక్క ఇరుక్కుందేమోనని నోట్లో చేయి పెట్టొద్దు. పశువుల దవాఖానకు, మున్సిపాలిటీకి చెప్పి దూరంగా ఉండండి. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా సబ్బు, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టండి, మిగతా డోసులు ఎగ్గొట్టొద్దు. కుక్కకు టీకా వేశారని ఎవరో చెప్పినంత మాత్రాన ఆగిపోవద్దు.

వరంగల్ చుట్టుపక్కల ఎక్కడ చూపించాలి?

మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో ఒకటి ఉంది, రెండూ పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే. ఎక్స్‌రే, సర్జన్ ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని పోండి. ఊళ్లోని పశువుల దవాఖానలో మొదటి చికిత్స దొరుకుతుంది. 1962కి ఫోన్ చేస్తే వచ్చే బండి ముఖ్యంగా గొడ్లు, గొర్లు, మేకల కోసం, దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు. ఎమ్ఆర్ఐ లాంటి పరీక్ష కావాలంటే హైదరాబాద్ పోవాల్సిందే, అయితే పోయే ముందు "ఆ పరీక్షతో చికిత్స ఏమైనా మారుతుందా?" అని మీ డాక్టర్‌ను అడగండి. చాలాసార్లు మారదు.

## మందులు, నాటు వైద్యం

స్టెరాయిడ్ ఇస్తే నరం త్వరగా వస్తుందా?

రాదు. మొదట్లో వాపు తగ్గడానికి కొన్ని రోజులు ఇచ్చే డాక్టర్లు ఉన్నారు, అది వాళ్ల నిర్ణయం. నరాన్ని పెంచే శక్తి దానికి లేదు, వారాల తరబడి వాడితే కండ ఇంకా కరుగుతుంది, పుండ్లు మానవు. అసలు జాగ్రత్త ఏంటంటే స్టెరాయిడ్, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు రెండూ కలిసి పడకూడదు, కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది. ఒక డాక్టర్ దగ్గర ఒకటి, ఇంకో డాక్టర్ దగ్గర ఇంకొకటి రాయించుకుని రెండూ వేసేవాళ్లే ఎక్కువ. పాత చీటీ చేతిలో పట్టుకుని పోండి.

బీ12 సూదులు ఎన్ని వేయించాలి?

మన దగ్గర నరం అనగానే మిథైల్‌కోబాలమిన్ రాస్తారు. పెద్దగా హాని లేదు, కానీ దాని వల్లే కాలు వచ్చిందని చెప్పే బలమైన ఆధారం కూడా లేదు. డాక్టర్ రాస్తే వేయించండి. రోజూ సూది కోసం ఆటో కిరాయి పెట్టి, ఇంట్లో కీళ్లు కదిలించడానికి టైం లేదనేవాళ్లకు మాత్రం ఒక మాట: డబ్బు, ఓపిక రెండిట్లో కొంచెమే ఉంటే అవి పంజా మీద, కీళ్ల మీద పెట్టండి.

మనం వేసుకునే నొప్పి గోళీ సగం ఇవ్వొచ్చా?

వద్దు. సగం కాదు, పావు కూడా వద్దు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి, పారాసిటమాల్ డోసు కొంచెం తప్పినా లివర్ మీద పడుతుంది. మెడికల్ షాపులో "పశువులకు ఇదే వేస్తారు" అని డైక్లోఫెనాక్ చేతిలో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. దాన్ని తిన్న గొడ్ల కళేబరాలు మేసి రాబందులు చస్తున్నాయని పశువైద్యంలో 2006లోనే నిషేధించారు, ఆ సంగతి కూడా తెలియనివాళ్ల మాట మీద కుక్కకు ఏం వేస్తాం? నరాల నొప్పికి డాక్టర్లు గాబాపెంటిన్ రాస్తుంటారు, మొదట్లో మత్తుగా పడుకుంటుంది, భయపడొద్దు, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. మనుషుల కోసం చేసే సిరప్‌లలో జైలిటాల్ అనే తీపి ఉండొచ్చు, అది కుక్కకు విషం.

జిల్లేడు ఆకు కాపడం, పసరు కట్టు, వాతలు పనిచేస్తాయా?

వాతలు అసలు వద్దు, స్పర్శ లేని కాలు మీద కాల్చిన పుండు మానడానికి నెలలు పడుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడినా నాకినా ప్రమాదం. బొక్కలు కట్టేవాళ్లు గట్టిగా బద్దలు పెట్టి కడితే రక్తం ఆగి కాలు నల్లబడిన కుక్కలు ఉన్నాయి, విరగని కాలికి ఆ కట్టు అవసరమే లేదు. మనుషులు రాసుకునే నొప్పి బామ్ కూడా పూయొద్దు, నాకి మింగుతుంది. మర్దనకు చేతికి కొంచెం కొబ్బరి నూనె చాలు. ఆముదం రాస్తే నాకి మోషన్స్ పెట్టుకుంటుంది.

## ఇంట్లో రోజూ చేసేది

అన్నిటికంటే ముఖ్యమైన పని ఒక్కటి చెప్పమంటే?

పంజా పుండు పడకుండా చూడటం. నరం దాని టైంకు అది వస్తుంది, మనం గుంజితే రాదు. అది వచ్చేసరికి పంజా మొత్తం పుండై, కీలు బిగిసిపోయి ఉంటే వచ్చి చేసేదేం ఉండదు. కాలు పోగొట్టుకున్న కుక్కల్లో కొన్ని నరం రాక కాదు, సిమెంటు రోడ్డు మీద పంజా అరిగి బొక్క దాకా చీము పట్టి పోగొట్టుకున్నాయి.

బూట్లు దొరకట్లేదు. ఇంట్లో ఏం తొడగాలి?

పాత కాటన్ సాక్సు, దాని మీద సైకిల్ ట్యూబ్ ముక్క. ట్యూబ్‌ను పంజా కంటే నాలుగు వేళ్లు పొడుగ్గా కోసి, నిలువునా చీల్చి, మడతపడే వైపు, అంటే పంజా పైభాగం మీదికి వచ్చేలా సాక్సుకు కుట్టండి. కింద అరికాలు వైపు బట్టే ఉండాలి, లేకపోతే చెమట పట్టి మెత్తబడుతుంది. పైన మెత్తని గుడ్డ టేపుతో ఒక చుట్టు, చిటికెన వేలు దూరేంత వదులుగా. దారంతో గానీ రబ్బరు బ్యాండుతో గానీ కట్టొద్దు, స్పర్శ లేని కాలిని అది కోసేసినా కుక్క చెప్పదు. నడకకు పోయేటప్పుడే తొడగండి, ఇంటికి రాగానే తీసి, వేళ్ల మధ్య తుడిచి, ఆరనివ్వండి. వానాకాలంలో తడి సాక్సు ఒక్క పూట ఉన్నా వాసన మొదలవుతుంది.

డాక్టర్ స్ప్లింట్ కట్టారు. బిగుతుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

బయటికి కనిపించే మధ్య రెండు వేళ్ల గోర్లు చూడండి. మామూలుగా అవి పక్కపక్కనే ఒకే దిశలో ఉంటాయి. ఒకదానికొకటి దూరం జరిగి విచ్చుకున్నాయంటే లోపల వాపు ఉంది, కట్టు బిగిసింది, ఆ పూటే విప్పించాలి. వేళ్లు చల్లబడినా, కట్టు తడిసినా, వాసన వచ్చినా అంతే. రోజుకు రెండుసార్లు చూడటం మీ పని, ఎందుకంటే నొప్పి తెలియని కుక్క కుంటదు, ఏడవదు.

కాలికి ఎక్సర్‌సైజు ఎలా చేయించాలి?

కుక్కను మంచి కాలు కిందికి వచ్చేలా పక్కకు పడుకోబెట్టండి. ముందు రెండు మూడు నిమిషాలు పంజా నుంచి పైకి, గుండె వైపు, అరచేత్తో మెల్లగా రుద్దండి. తర్వాత ఒక్కో కీలును విడిగా: వేళ్లు, మణికట్టు, మోచేయి, భుజం. కీలుకు పైన ఒక చేయి ఆపుకుని, కింద చేత్తో మెల్లగా మడవడం, చాపడం, ఎక్కడ ఆగితే అక్కడ రెండు క్షణాలు ఉంచడం, అంతే. ఒక్కో కీలుకు పది పదిహేనుసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. బలవంతంగా దాటించొద్దు. ముందు కాలికైతే మణికట్టును చాపడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, నరం పోయిన ముందు కాళ్లలో మొదట బిగిసేది అదే, కొన్ని వారాలు వదిలేస్తే చాలు, మళ్లీ చాపుకోదు.

ఇంకొకటి, నిలబెట్టడం. పొట్ట కింద తువ్వాలు వేసి పైకి పట్టుకుని, చెడిన పంజాను మీ చేత్తో సరిగా నేల మీద పెట్టి, కుక్కను కొంచెం అటూ ఇటూ ఊపి బరువు దాని మీద పడేలా చేయండి. తిండి గిన్నె ముందు చేస్తే విసుక్కోదు. విరిగిన బొక్క కూడా ఉంటే డాక్టర్ ఎప్పుడు మొదలుపెట్టమంటే అప్పుడే.

వేడి కాపడం పెట్టొచ్చా?

మొదటి రెండు మూడు రోజులు వాపు ఉంటే వద్దు. తర్వాత కీళ్లు కదిలించే ముందు గోరువెచ్చని గుడ్డ ఐదు, పది నిమిషాలు పెడితే కండ వదులవుతుంది. ముందు మీ ముంజేతి లోపలి వైపు పెట్టి చూసుకోండి. ఇసుక మూట, ఇటుక, హీటింగ్ ప్యాడ్ వద్దు, కాలుతున్నా ఆ కాలికి తెలియదు.

మా ఇంట్లో అంతా టైల్సే, జారిపోతోంది. ఏం చేయాలి?

తిరిగే దారి మేరకు గోనె పట్టాలు పరిచి, అంచులు జరగకుండా టేపు వేయండి. పాత యోగా మ్యాట్ ముక్కలు ఇంకా నయం. గ్రానైట్ మీద జారే కుక్క మంచి కాళ్లను కూడా గుంజుకుంటుంది. చెడిన కాలి గోర్లు అరగవు కాబట్టి పెరిగి చర్మంలోకి పోతాయి, కత్తిరిస్తూ ఉండండి. మెట్లకు అడ్డం పెట్టండి.

చెరువులో ఈత కొట్టిస్తే మంచిదంటున్నారు?

నీళ్లు మంచివే, చెరువు కాదు. పాకాల, లక్నవరం పోయినప్పుడు దింపుదామనుకునేవాళ్లు ఉన్నారు, అంచు లోతు తెలియదు, కింద రాళ్లు, మూడు కాళ్లతో ఈదే కుక్క త్వరగా అలసిపోతుంది. పొలం దగ్గర సిమెంటు తొట్టి ఉంటే అందులో మోచేయి దాకా నీళ్లు పెట్టి మెల్లగా నడిపించండి, నీళ్లు బరువు మోస్తాయి, కాలు కదలడం సులువవుతుంది. మొదట ఐదు నిమిషాలు చాలు. తర్వాత వేళ్ల మధ్య దాకా తుడవాలి. పుండు ఉంటే నీళ్లలోకి దింపొద్దు.

ఎండాకాలం ఎలా?

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీల దాకా పోతుంది, తారు రోడ్డు దానికంటే చాలా వేడి. మంచి పంజా అయితే కుక్క చటుక్కున తీసుకుంటుంది, స్పర్శ లేని పంజా అక్కడే ఉండి కాలిపోతుంది. మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు క్షణాలు ఆనించలేకపోతే నడక వద్దు. పొద్దున సూర్యుడు ఎక్కకముందు, రాత్రి రోడ్డు చల్లబడ్డాక. సాయంత్రం ఆరింటికి గాలి చల్లగా అనిపించినా రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది.

కాలిని తనే కొరుక్కుంటోంది, వేలు ఊడిపోయేలా ఉంది!

వెంటనే ఆపాలి, ఈ రాత్రే. మెడకు కోన్ వేయండి, లేకపోతే పాత పెయింట్ డబ్బా అడుగు కోసి అంచుకు గుడ్డ కుట్టి తొడగండి, తాత్కాలికంగా పనికొస్తుంది. దెబ్బతిన్న నరం తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు మంట పుట్టిస్తుంది, కుక్క దాన్ని కొరికి తీసేద్దామనుకుంటుంది. కొన్నిసార్లు నరం తిరిగి వస్తున్నప్పుడు కూడా ఇలాగే చేస్తుంది, కాబట్టి అది చెడ్డ గుర్తే అని అనుకోవాల్సిన పనిలేదు. కానీ ఒక్క రాత్రిలో వేలు పోగొట్టుకోగలదు. కారం, వేప పసరు పూస్తే ఆగదు. నరాల నొప్పికి మందు కావాలని డాక్టర్‌కు చెప్పండి.

పుండుకు పురుగులు పడ్డాయి. ఇంట్లో తీయొచ్చా?

పైకి కనిపించే నాలుగు పురుగులు తీస్తే అయిపోదు, చర్మం కింద సొరంగాలు చేసుకుని ఉంటాయి. దవాఖానకు తీసుకుపోయి వెంట్రుకలు గొరిగించి, కడిగించి, పూర్తిగా తీయించండి. కిరోసిన్, పెట్రోల్ పోయొద్దు. పుండు మీద ఈగ వాలకుండా పలచని గుడ్డ కట్టి ఉంచండి.

తిండిలో ఏం మార్చాలి?

కొంచెం తగ్గించండి. పడుకునే కుక్కకు పాత లెక్కనే అన్నం పెడితే బరువు పెరిగి మిగతా మూడు కాళ్ల మీద పడుతుంది. అన్నం తగ్గించి ఉడికించిన గుడ్డు, చికెన్ కలపండి. పాయా సూప్ తాగిస్తే నరం వస్తుందని చెబుతారు, అది నరానికి చేసేదేం లేదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేకుండా చేస్తే పోసినా నష్టం లేదు. ఉడికిన బొక్కలు మాత్రం పెట్టొద్దు.

## నెలలు గడుస్తుంటే

ఎన్ని రోజుల్లో కాలు వస్తుంది?

దెబ్బ రకాన్ని బట్టి. నరాన్ని కరెంటు వైరు అనుకోండి. వైరు నలిగిందే గానీ తెగలేదంటే కొన్ని రోజుల నుంచి ఆరు వారాల్లోపు తిరిగి వస్తుంది. లోపలి తీగ తెగి పై తొడుగు బాగుంటే, ఆ తొడుగులోనే తీగ మళ్లీ పెరుగుతుంది, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, నెలకు ఒక అంగుళం. తొడుగుతో సహా తెగినా, వెన్నుపాము దగ్గర ఊడినా దానంతట అది రాదు. టేపు తీసుకుని దెబ్బ ఉన్న చోటు నుంచి పంజా దాకా కొలవండి, ఎన్ని సెంటీమీటర్లుంటే సుమారు అన్ని పది రోజులు. చంకలో దెబ్బ తగిలిన లాబ్రడార్ లాంటి పెద్ద కుక్కకు అది ఏడాది దాటుతుంది, దూరం పెరిగేకొద్దీ నరం చివరిదాకా చేరే అవకాశమూ తగ్గుతుంది. కాబట్టి రెండు వారాలకే కాలు రాలేదని డాక్టర్లను మార్చొద్దు.

రోజూ ఎక్సర్‌సైజు చేయిస్తున్నా కాలు సన్నబడుతోంది. నా తప్పా?

కాదు. నరం నుంచి సంకేతం రాని కండ ఎంత రుద్దినా కరుగుతుంది, రెండు వారాల్లోనే చేతికి తెలుస్తుంది. మీ పని కీళ్లు బిగియకుండా, రక్తం ఆడేలా ఉంచడం. కరెంటు మెషిన్‌తో కండను కదిలించే ఫిజియో దొరికితే మంచిదే, తెలిసినవాళ్ల చేతిలోనే. మనుషుల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే మెషిన్ కొని ఇంట్లో పెట్టొద్దు.

వస్తోందని తెలిపే మొదటి గుర్తు ఏంటి?

అందరూ పంజా వైపు చూస్తూ కూర్చుంటారు, కానీ నరం పై నుంచి కిందికి పెరుగుతుంది కాబట్టి గుర్తు పైనే మొదలవుతుంది. ముందు కాలికైతే మోచేతి వెనక కండ మీద చేయి పెట్టి, కుక్క లేవబోతున్నప్పుడు చూడండి. వేళ్ల కింద చిన్నగా బిగిసి వదిలినట్టు తెలుస్తుంది, కంటికి కనిపించదు. తర్వాత మోచేయి క్షణం సేపు నిలుస్తుంది. పంజా పైభాగం తాకితే తల తిప్పడం, నిద్రలో కాలు కదలడం, అడుగు వేసేటప్పుడు పంజాను ముందుకు విసరడం, పదిసార్లలో ఒకసారి సరిగా పెట్టడం ఆ తర్వాత ఒక్కోటిగా వస్తాయి. వారానికొకసారి ఒకే చోట, ఒకే వైపు నుంచి ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. రోజూ చూసే కంటికి మార్పు ఆనదు.

నిన్న బాగా నడిచింది, ఈరోజు మళ్లీ ఈడుస్తోంది. వెనక్కి పోయిందా?

చాలావరకు అలసట. కొత్తగా నరం అందిన కండ త్వరగా సొమ్మసిల్లుతుంది. నడక సగానికి తగ్గించి రెండు రోజులు చూడండి. వాపు, జ్వరం, తిండి మానడం ఉంటే, రెండో కాలు కూడా బలహీనపడితే దవాఖానకు. గోమార్లు ఎక్కువున్న కుక్క అయితే రక్త పరీక్ష కూడా చేయించండి, టిక్ ఫీవర్ వల్ల వచ్చే నీరసం ఇలాగే కనిపిస్తుంది.

## రాకపోతే

ఎంతకాలం చూడాలి?

ఎక్కువమంది డాక్టర్లు నాలుగు నుంచి ఆరు నెలలు చూద్దామంటారు. అప్పటికి లోతు నొప్పి లేదు, ఏ కండా కదల్లేదు అంటే ఆశ బాగా తగ్గినట్టు. చిన్న మార్పయినా వస్తూనే ఉంటే ఇంకా ఆగొచ్చు. పంజా పుండ్లు మానకపోతున్నా, బొక్కకు చీము పట్టినా, తనే కొరుక్కుని తినేస్తున్నా గడువు దాకా ఆగడం కుక్కకు మేలు కాదు.

కాలు తీసేయకుండా ఇంకో దారి లేదా?

కొన్ని కుక్కలకు ఉంది. మోచేయి గట్టిగా నిలబడి, పంజాకు స్పర్శ ఉండి, మణికట్టు మాత్రమే మడతపడుతుంటే, ఆ కీలును ప్లేటు వేసి చాపిన స్థితిలో అతికించే ఆపరేషన్ చేస్తారు. కొందరు సర్జన్లు పనిచేసే కండ స్నాయువును, అంటే కండను బొక్కకు కలిపే పట్టీని, మార్చి కడతారు. పంజాకు స్పర్శ లేకపోతే ఇవి చేయించి లాభం లేదు, అతికిన కాలు మీదే పుండ్లు పడతాయి.

కాలు తీసేస్తే బతికి లాభమేంటి, పాపం కదా?

ఈ ప్రశ్న ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కువ అడుగుతారు, ఆపరేషన్ కంటే వాళ్లను ఒప్పించడమే కష్టం. కుక్కకు "నాకు కాలు లేదు" అన్న బాధ ఉండదు, పనికిరాని కాలు నేలకు తగిలి నొప్పి పుట్టడమే బాధ. చాలా కుక్కలు ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో లేచి నిలబడతాయి, నెలలోపు కొత్త నడకకు అలవాటు పడతాయి. ముందు కాళ్లు ఒంటి బరువులో 60 శాతం మోస్తాయి కాబట్టి ముందు కాలు తీసినవాటికి కొంచెం ఎక్కువ కష్టం. ముక్క మిగలకుండా పైకంటా తీయమని డాక్టర్లు చెప్పేది, సగం ఉంచితే అది నేలకు కొట్టుకుని పుండవుతుందనే. లావు కుక్కకు, మిగతా కాళ్లలో కీళ్లనొప్పులున్న ముసలి కుక్కకు మాత్రం ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

వీధి కుక్కను బాగుచేశాం. మళ్లీ అదే గల్లీలో వదలొచ్చా?

స్పర్శ తిరిగి వచ్చి, నాలుగు కాళ్ల మీద ఉరకగలిగితే దాని పాత గల్లీలోనే వదలాలి, వేరే వాడలో వదిలితే అక్కడి కుక్కలు బతకనివ్వవు. ముందు రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. మొదటి వారం పగలు కాసేపు మీరు పక్కన ఉండి తిప్పండి, పాత గుంపు వాసన చూసి ఊరుకుంటే సరే. మూడు కాళ్ల కుక్క కూడా బస్టాండు, మెయిన్ రోడ్డు దూరంగా ఉండి, రోజూ అన్నం పెట్టే ఇల్లు ఒకటి ఉంటే గల్లీలో బతుకుతుంది. పంజాకు స్పర్శ లేకుండా కాలు ఈడుస్తున్న కుక్కను మాత్రం వదలొద్దు, ఎవరి పెరట్లోనైనా చోటు వెతకండి. రాత్రి కాపలాకు కుక్క కావాలనే కోళ్లఫారాల వాళ్లను, రైస్ మిల్లుల వాళ్లను అడిగి చూడండి, మట్టి నేల ఉండి గొలుసు వేయనివాళ్లయితే ఇవ్వండి.